చేమంతి చరిత్ర



పెరటిలో, బావిగట్టు ప్రక్కను, తులసికోట చెంతను పూచు చేమంతిని ఎరుగనివారు మనలో లేరు. అయినను రాజులకును కోటలకును చరిత్ర యున్నట్లే ఈ పూవునకును చరిత్ర యున్నదని తలచువారు అరుదు. నేటి ప్రసంగమున దానినే మనవి చేయుదును.

మొదట పేరు విచారింతము. మనము చేమంతి, చామంతి యందుము. కన్నడులు సేవంతిగె యనియు, మహారాష్ట్రులు శేవంతి యనియు అందురు. అయితే పాతగ్రంథములలో సేవంతి యను మాట కనబడగానే అది ఈ పూవే యని నిశ్చయింపరాదు. ఏలయన ఆ పేరు కొన్నిచోట్ల తెల్లగులాబికిని చెల్లుచున్నది. పేరు ప్రాచీనమైనంత మాత్రమున వస్తువు ప్రాచీనము కానేరదు.

తోటచేమంతికి పుట్టినిల్లు చీనాదేశము. 427లో గతించిన తావో యువాన్‌మింగ్ అను కవి కొలువు విడిచి పల్లె చేరి, ఈ పూవును ప్రేమించి, దానికి శాశ్వతకీర్తి కలిగించెను. 1104లో లియూ మెంగ్ అను నాతడు చేమంతులను గూర్చియే యొక గ్రంథము రచించి, 35 రకములను వర్ణించెను. అటనుండి ఈ పూవు జపానునకు పోయి, 16 రేకుల రూపమున చక్రవర్తి ముద్రికయై నిలిచెను. 1753లో లిన్నేయసు దీని కుటుంబములోని యొక మొక్కకు ‘క్రిసాంథిమం ఇండికం’ అని పేరిడెను. మొదటిమాటకు గ్రీకుభాషలో బంగారుపూవని యర్థము. రెండవమాటను బట్టి తోటచేమంతి మనదేశమున పుట్టినదని వాదింపరాదు. 1789లో బ్లాంకార్ అను ఫ్రెంచి వర్తకుడు చీనా చేమంతిని మార్సేల్ రేవునకు చేర్చెను.

ఇక పెంపకము. చేమంతి గింజనుండి మొలచిన మొక్క తల్లిని పోలదు. రకము నిలువవలెనన్న పిలకలే శరణ్యము. చలికాలమున పూత ముగియగానే కొమ్మలను నేలకు దగ్గరగా కోసి, మొదట వచ్చు పిలకలను వేసవి యంతయు నీడపట్టున తడియారకుండ కాపాడి, తొలకరి పిమ్మట నాటవలెను. నెల దినములకు తలలు త్రుంచినచో ప్రక్కకొమ్మలు హెచ్చును. నీరు నిలిచిన వేరు కుళ్లును; కావున మా వైరా చెరువు పారుదల క్రింది వరిమళ్లు దీనికి తగవు. మెరకనేల, బోదెలు కావలెను.

ఇది దక్షిణాయనమున రాత్రులు దీర్ఘమైనగాని మొగ్గ తొడుగదు. పగటి నిడివికిని పూతకును గల ఈ సంబంధమును గార్నరు, అల్లార్డు అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో వెల్లడించిరి. ఆ మర్మ మెరిగియే నేడు కొందరు సేద్యగాండ్రు రాత్రులందు విద్యుద్దీపములు వెలిగించి పూతను జాగుచేయుచున్నారు.

మన యాడపడుచులు పేర్చు బతుకమ్మను చూడుడు. తంగేడు మన నేలది, బంతి మెక్సికో దేశమునుండి వచ్చినది, చేమంతి చీనాది. 2014లో తెలంగాణమునకు రాష్ట్రపండుగయైన ఆ బతుకమ్మలో ఎవరును వీనిని పరాయిపూవు లనరు. ఏటేట నాటి, నీరుపోసి, కాపాడిన చేతులే వానిని మనవిగా చేసినవి.

ఇందు ఒక భయమును కలదు. శాసనము నూరేండ్లు మట్టిలో నున్నను మరల బయల్పడవచ్చును. పిలక ఒక్క వేసవి ఎండినచో ఆ రకము ఆ యింట నశించును. పొరుగున లేకున్న ఊరనే నశించును. అంగడిలో పెద్దపూవులు దొరకుచున్నవని పెరటిలోని చిన్న నాటుచేమంతిని మనము ఉపేక్షించుచున్నాము. అత్తవారింటికి పోవు కూతురి చేతికి పిలక లిచ్చి పంపుట మన పెద్దలు పాటించిన మర్యాద. రకములు ఊరూర బ్రతికినది దాని వలననే.

కావున రాబోవు మాఘఫాల్గుణములందు మీ పెరటి చేమంతి మొదళ్లను పారవేయక, నాలుగు పిలకలను నీడకు చేర్పుడు. రెండు పొరుగువారి కిండు. ఈ చరిత్రను నిలుపుటకు మనకు కావలసినది కడవెడు నీరు, కొంచెము శ్రద్ధ మాత్రమే.