పండుగ కదిలించిన బొమ్మలు

కదిలే బొమ్మల పుస్తకాన్ని పెంచి పోషించింది బడికంటే ఎక్కువగా క్రిస్మస్ పండుగే. మ్యూనిక్ చిత్రకారుడు లోథార్ మెగ్గెన్‌డోర్ఫర్ (1847–1925) తన తొలి కదిలే బొమ్మల పుస్తకాన్ని కొడుక్కి క్రిస్మస్ కానుకగానే తయారుచేశాడు. అంచున ఉన్న అట్టముక్కను లాగితే చాలు, ఒకే బొమ్మలో చెయ్యి లేస్తుంది, తల ఊగుతుంది, కళ్లు తిరుగుతాయి. పుట వెనక దాగిన కాగితపు మీటలను సన్నని రాగితీగ చుట్లు పట్టి ఉంచుతాయి. అవన్నీ చేత్తో అమర్చాల్సినవే. అంత ఖర్చు మామూలు రోజుల్లో ఎవరు పెడతారు? పండుగకైతే చెయ్యి వెనకాడదు.

పసివాళ్ల చేతిలో ఇట్టే చిరిగేది పిల్లల పుస్తకమెలా అవుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అది చిరిగేది పిల్లలు మళ్లీ మళ్లీ లాగి ఆడుకున్నందుకే. అతుకులు పడ్డ పాత ప్రతులే అందుకు సాక్ష్యం. చిరుగులు ఈ పుస్తకాలను ఆపలేదు; న్యూరెంబర్గ్‌లో అచ్చయి లండన్‌లో అమ్ముడయిన, ప్రచురణకర్త ఎర్నెస్ట్ నిస్టర్ కదిలే బొమ్మల పుస్తకాల దారిని మూసింది మాత్రం 1914 యుద్ధం.