శక్తి పరివర్తన పరిశోధనము: శాస్త్రముల నడుమ సహకారము

శక్తి పరివర్తన పరిశోధనమనగా, బొగ్గు, చమురు, అణుశక్తి మొదలగువానిపై నిలిచిన దేశపు శక్తివ్యవస్థను గాలి, ఎండ వంటి తరుగని వనరులవైపు మరల్చుటకై ఇంజనీర్లును, అర్థశాస్త్రజ్ఞులును, న్యాయకోవిదులును, సమాజశాస్త్రజ్ఞులును కూడి సాగించు అన్వేషణము. ఇందలి కష్టము యంత్రములలోకంటె, ఒక శాస్త్రపు భాష మఱియొక శాస్త్రమునకు బోధపడకపోవుటయందే అధికముగా నున్నది.

జర్మనీ ఇందులకు ప్రసిద్ధమైన నిదర్శనము. ఫ్రైబుర్గులోని ఓకో ఇన్‌స్టిట్యూట్ 1980లో వెలువరించిన గ్రంథముతో ‘ఎనెర్గీవెండె’ (శక్తి పరివర్తన) యను మాట అచట వ్యాప్తికి వచ్చినది. 2016లో సమాఖ్య విద్యా పరిశోధన మంత్రిత్వశాఖ పదేండ్ల దృష్టితో కోపర్నికస్ ప్రాజెక్టులను ఆరంభించెను. గ్రిడ్డు, మిగులు కరెంటును ఇంధనముగా మార్చుట, పరిశ్రమల వాడుకను సరఫరాకు సర్దుట అనువానితోపాటు, సమస్తమును సమన్వయించుటకు ‘ఎనావి’ యను నాలవ ప్రాజెక్టు ఏర్పడెను. 2020లో దానిస్థానమున ‘అరియాడ్నే’ వచ్చెను. చిక్కుదారులనుండి వెలికి తెచ్చిన నూలుపోగును స్మరింపజేయు ఈ గ్రీకు నామము ఆ కార్యమునకు మిక్కిలి తగినది.

‘దక్షత’ యను ఒక్క మాటనే చూడుడు. ఇంటిని వేడిచేయు హీట్ పంపును ముందిడుకొని, యూనిట్ కరెంటుకు ఎంత వేడి వచ్చుననునది ఇంజనీరు ప్రశ్న. టన్ను బొగ్గుపులుసు వాయువును తగ్గించుటకు ఎన్ని యూరోలు పట్టుననునది అర్థశాస్త్రజ్ఞుని ప్రశ్న. సగముకంటె ఎక్కువమంది అద్దె ఇండ్లలో నుండు ఆ దేశమున, ఆ ఖర్చు యజమానిదా, అద్దెదారునిదా యనునది సమాజశాస్త్రజ్ఞుని ప్రశ్న. మూడును న్యాయమైనవే, కాని మూడింటికిని ఒకే పట్టికలో చోటు దొరకదు. కాలమానములును వేరు: గ్రిడ్డు లెక్క గంటగంటకు నడువగా, పల్లెలలో జనుల మనస్సు తెలిసికొనుటకు నెలలు పట్టును. పైగా ఉద్యోగోన్నతి స్వశాస్త్ర పత్రికలలోని వ్యాసములనుబట్టియే కలుగుచుండుటచే, యువపరిశోధకులు ఉమ్మడి పనికి వెచ్చించు కాలము వారికి నష్టముగానే పరిణమించుచున్నది. ఇది నిజముగా విచారింపదగిన అన్యాయము.

జర్మనీ ఉత్తరపు గాలికరెంటును దక్షిణపు కర్మాగారములకు చేర్చుటకై తలపెట్టిన, సుమారు 700 కిలోమీటర్ల సూద్‌లింక్ మార్గపు చరిత్ర మఱింత బోధకరము. స్తంభములపై తీగలు లాగుట చవుకయని లెక్క తేల్చినను, దారిపొడవున ప్రజలు ప్రతిఘటింపగా, భూగర్భ కేబులుకే ప్రాధాన్యమొసగు చట్టము 2015లో వచ్చెను. మార్గమంతయు మరల రచింపవలసివచ్చెను. అంతట కేబులు వేడికి నేల తడియారి పైరు దెబ్బతినునేమో యని రైతులడిగిరి. ఖర్చు లెక్కలు కట్టినవారి పట్టికలలో ఆ ప్రశ్నకు గడియే లేకుండెను. ఇట్లు గాక, అరియాడ్నేలో విద్యుత్తు, రాకపోకల విషయములపై సామాన్య పౌరులను పిలిచి, పరిశోధకుల సరసన చర్చకు కూర్చుండబెట్టిరి.