కోలారు సీమ పాటలు – ధ్వనిముద్రణము

కోలారు మండలమున తెలుగు నాలుకపై నున్నంతగా పుస్తకమున లేదు. మాలూరు తాలూకా మాస్తి మొదలు ములబాగిలు వఱకు, ఇంట తెలుగు మాటాడి, వ్రాతపనులన్నియు కన్నడముననే నడుపుకొను కుటుంబములు పెక్కులు కలవు. కైవారము నారాయణ యతీంద్రుల తెలుగు కీర్తనలు ఈ సీమ భజనలలో వినబడును. వానిని చాలమంది చదువునది కన్నడ లిపిలో. కైవారము నేడు చిక్కబళ్లాపుర మండలమున జేరినను, 2007 వఱకు కోలారు మండలములోనిదే.

లిపి మాఱుటవలన నష్టము లేదు. తెలుగు మాట ఏ లిపిలోనైనను తెలుగే. కాని మట్టు ఏ లిపిలోను లేదు. అది పాడువారి కంఠమున నుండును, వారితోనే పోవును.

మాట నిలిచి మట్టు పోయినందులకు గొప్ప నిదర్శనము తిరుమలలో గలదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను వారి వంశీయులు రాగిఱేకులపై చెక్కించి భద్రపఱచిరి. పాటపాటకు రాగనామము గలదు. స్వరము లేదు, తాళము లేదు. ఇరువదవ శతాబ్దమున అవి వెలికివచ్చిన పిమ్మట, మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు క్రొత్తగా స్వరములు కూర్పవలసివచ్చెను. ఆ కూర్పు మధురమే. అన్నమయ్య పాడిన పాట మాత్రము కాదు.

1904లో ఎట్టయాపురమున తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఈ కొఱత తీర్పజూచినది. అందు గమకములకును గుర్తులు గలవు. ఐనను ఆ గుర్తులు ముందుగా విన్నవానికే పలుకును.

1902లో కలకత్తాకు వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ గానమును ముద్రించెను. తొలి రికార్డున పట్టునది సుమారు మూడు నిమిషముల గానమే. పైగా యంత్రము వ్యాపారి చేతిది. పేరుగల గాయకులకే దాని ముందు చోటు. పల్లె పెండ్లిపాటకు ఆ భాగ్యము లేదు. టేపు, క్యాసెట్టు ఆ దూరమును కొంత తగ్గించినవి, సెల్‌ఫోను తొలగించినది. నేడు మాస్తిలోని బాలికయు తన అవ్వ పాటను ముద్రింపగలదు. మాస్తి వేంకటేశ అయ్యంగారి ‘సుబ్బణ్ణ’ అను కన్నడ కథకు సంగీతజ్ఞుడే నాయకుడు గనుక, ఆ యూరి పేరునకు సంగీతముతో పాత చుట్టఱికమే గలదు.

ఐనను సెల్‌ఫోను సంభాషణకై పుట్టినది. రొదను తగ్గించు ఏర్పాటు, ఎడతెగక మ్రోయు తంబుర శ్రుతిని గూడ రొదగా నెంచి అణచివేయగలదు. ధ్వనిమట్టమును తానే సరిచేయు ఏర్పాటు మెల్లని పలుకును పెంచి, హెచ్చుస్వరమును తగ్గించి, గానపు ఎగుడుదిగుడులను చదును చేయును. యాప్‌లో వీలున్నచో ఆ రెంటిని ఆపి, కుదింపులేని వేవ్ రూపమున, సెకనుకు 44,100 నమూనాల చొప్పున ముద్రించుట మేలు.

తరగతిలో దీని యుపయోగము ప్రత్యక్షము: బాలుడు తన గొంతు తానే విని, శ్రుతి తప్పిన చోటు గురువు చెప్పకముందే గ్రహించును. గ్రంథాలయమునకు మాత్రము వట్టి ధ్వని చాలదు. పాడినవారి పేరు, సమ్మతి, ఊరు, తేది, పాట ఎవరియొద్ద నేర్చినది – ఇవన్నియు ముద్రణారంభముననే నోట పలికింపవలెను. కాగితము వేఱైపోవచ్చును, ఆ నోటిమాట పాటను విడువదు. వాట్సాపులో చేతులు మాఱిన పాటకు తఱచుగా ఊరుండదు, పేరుండదు. రాగిఱేకుపై రాగనామమైనను మిగిలెను.

ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గ్రంథాలయమున, మఱియొకటి పాడినవారి యింట నుండవలెను. ఆ యింటివారు ఫోను మార్చుకొనుటకు ముందే.