దాచిన ఉత్తరాలు, దక్కని ఉత్తరాలు: ఒక స్విస్ వంశ చరిత్ర

మన ప్రబంధాల అవతారికల్లో కృతిపతి వంశవర్ణన ఒక తప్పనిసరి తంతు. తాత దానకర్ణుడు, తండ్రి రణభీముడు, కృతిపతి ఉభయ గుణాల రాశి. ఆ వంశంవల్ల చితికిపోయిన వాళ్ళ ఊసు అందులో ఉండదు. ఇంట్లోనే ఎదురుతిరిగిన బిడ్డ ఒకరుంటే వారి పేరు అసలే కనిపించదు. సాహిత్య విద్యార్థి వంశవర్ణన చదివేటప్పుడు పద్యాల సొగసుతోపాటు ఈ లోపాన్ని కూడా గమనించాలి. వంశచరిత్రలను ఇలా చదవడానికి నాకు బాగా ఉపకరించిన ఉదాహరణ మన దేశానిది కాదు. రాజులూ జమీందార్లూ లేని దేశంగా పేరుపడ్డ స్విట్జర్లాండుది. ఆ కుటుంబం పేరు విల్లె.

స్విట్జర్లాండ్ అనగానే పాఠశాలలో మనం చెప్పే మాటలు నాలుగు: గడియారాలు, మంచుకొండలు, తటస్థత, ప్రత్యక్ష ప్రజాస్వామ్యం. అక్కడ పౌరుడే సైనికుడు. శాంతికాలంలో జనరల్ అనే హోదాయే ఉండదు. యుద్ధప్రమాదం వచ్చినప్పుడు పార్లమెంటు ఒకరిని ఆ పదవికి ఎన్నుకుంటుంది. ఇవన్నీ నిజాలే. అయితే సింహాసనం లేనంత మాత్రాన పాలకవర్గం లేనట్టు కాదు. పెళ్ళి, మిల్లు, సైన్యం, భవంతి అనే నాలుగు కాళ్ళమీద అధికారం తరంనుంచి తరానికి ఎలా నడిచిందో విల్లె కుటుంబం చూపిస్తుంది.

కథ మొదలైన తీరు చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. ఫ్రాంస్వా విల్లె జర్మనీలోని హాంబర్గులో పత్రికా రచయిత, కవి హైనేకు పరిచితుడు. 1848 ప్రజాస్వామిక ఉద్యమంలో పాల్గొన్నాడు. ఉద్యమం ఓడిపోయాక 1851లో జూరిక్ సరస్సు ఒడ్డున మైలెన్ దగ్గర మరియాఫెల్డ్ అనే ఎస్టేటులో స్థిరపడ్డాడు. భార్య ఎలీజా హాంబర్గు ఓడల యజమాని కూతురు, స్వయంగా నవలా రచయిత్రి. వాళ్ళ ఇంటికి విప్లవకవి హెర్వెగ్ వచ్చేవాడు, కథకుడు గాట్‌ఫ్రీడ్ కెల్లర్ వచ్చేవాడు. అప్పులవాళ్ళకు జడిసి పారిపోయిన సంగీతకారుడు వాగ్నర్ 1864 వసంతంలో అక్కడే తలదాచుకున్నాడు. ఆ ఇల్లు ఓడిన విప్లవానికి ఒక సత్రంలాంటిది.

ఆ ఇంటి కొడుకు ఉల్రిక్ విల్లె. పుట్టింది 1848లోనే. తండ్రి ప్రష్యా నిరంకుశత్వానికి వ్యతిరేకంగా కలం పట్టిన కాలంలో పుట్టిన ఈ కొడుకు, పెద్దయ్యాక ప్రష్యా సైన్యాన్నే ఆదర్శంగా పెట్టుకున్నాడు. న్యాయశాస్త్రం చదివి, సైన్యంలో శిక్షకుడై, స్విస్ పౌరసైన్యాన్ని జర్మన్ క్రమశిక్షణలో పెట్టడమే జీవితధ్యేయం చేసుకున్నాడు. వుర్టెంబర్గ్ సైన్యాధిపతి కూతురు, బిస్మార్క్ ఇంటిపేరుగల క్లారాను పెళ్ళాడాడు. 1912లో జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ స్విస్ సైనిక విన్యాసాలు చూడవచ్చినప్పుడు వాటిని నడిపించింది ఇతడే.

తండ్రికి కొడుకు ద్రోహం చేశాడని ఇక్కడ తేల్చేస్తే అది మెలోడ్రామా అవుతుంది, చరిత్ర కాదు. 1848 తర్వాత యూరప్ ఉదారవాద బూర్జువా వర్గమే ఈ దారి పట్టింది. రాజులకంటే కార్మికులే తనకు ఎక్కువ భయం కలిగిస్తున్నారని గ్రహించినప్పుడు, ఆ వర్గం తాను ఒకనాడు ద్వేషించిన కత్తినే ఆశ్రయించింది. ఉల్రిక్ విల్లె తన వర్గాన్ని ధిక్కరించలేదు, దానితోపాటే నడిచాడు.

1914 ఆగస్టు 3న పార్లమెంటు అతణ్ణి జనరల్‌గా ఎన్నుకుంది. దేశం తటస్థం, జనరల్ మనసు మాత్రం జర్మనీ పక్షం. 1915 జూలైలో అతడు ప్రభుత్వానికి రాసిన లేఖలో, జర్మనీ పక్షాన యుద్ధంలో దిగవలసివస్తే ఇదే అదను అనే ధ్వని ఉంది. అది పత్రికలకెక్కేసరికి ఫ్రెంచి మాట్లాడే స్విస్ ప్రాంతాలు భగ్గుమన్నాయి.

అసలు పరీక్ష 1918 నవంబరులో వచ్చింది. నాలుగేళ్ళ యుద్ధకాలంలో ధరలు పెరిగి కార్మికుల కుటుంబాలు చితికిపోయాయి. విప్లవం వస్తుందన్న భయంతో జనరల్ పట్టుబట్టగా జూరిక్ నగరంలోకి సైన్యం దిగింది. దానికి జవాబుగా నవంబరు 12న దేశవ్యాప్త సమ్మె మొదలైంది. సుమారు 2,50,000 మంది కార్మికులు పని మానేశారు. వారికి ఎదురుగా ప్రభుత్వం దాదాపు 95,000 మంది సైనికులను నిలిపింది. ఆ సైనికుల్లో ఎక్కువమంది పల్లెల రైతుబిడ్డలు. పట్నపు కార్మికుడికి పల్లె రైతును ఎదురు నిలపడం పాలకులకు ఏ దేశంలోనైనా తెలిసిన విద్యే. నవంబరు 14న గ్రెన్‌ఖెన్ పట్టణంలో సైన్యం కాల్పుల్లో ముగ్గురు కార్మికులు చనిపోయారు. అప్పుడు ప్రబలిన ఇన్‌ఫ్లుయెంజా అనేకమంది సైనికులను కూడా పొట్టన పెట్టుకుంది. సమ్మె ఆగిపోయింది. నాయకుడు రాబర్ట్ గ్రిమ్‌కు ఆరు నెలల శిక్ష పడింది.

ఆ కార్మికులు అడిగినవేమిటి? వారానికి 48 గంటల పని, వృద్ధాప్య బీమా, స్త్రీలకు ఓటు, దామాషా పద్ధతిలో వెంటనే ఎన్నికలు మొదలైనవి. దామాషా ఎన్నికలూ 48 గంటల వారమూ 1919లోనే వచ్చాయి. వృద్ధాప్య బీమా 1948లో అమలయింది. జాతీయస్థాయిలో స్త్రీలకు ఓటు 1971 దాకా రాలేదు. జనరల్ దేశద్రోహంగా చూసిన కోరికలు ఈనాడు ఆ దేశ పౌరుల మామూలు హక్కులు.

జనరల్ సంతానం ఆ ఇంటి బలాన్ని రెండు దిక్కులా పెంచింది. కొడుకు, ఇతడూ ఉల్రిక్ విల్లెయే, సైన్యంలో కోర్ కమాండర్ స్థాయికి ఎదిగాడు. మ్యూనిక్ తిరుగుబాటుకు రెండు నెలలముందు, 1923 ఆగస్టు 30న, హిట్లర్ జూరిక్ వచ్చి ఇతని షూన్‌బర్గ్ భవంతిలోనే ధనికుల ఎదుట ప్రసంగించాడు. తన పార్టీకి డబ్బు కూడగట్టుకోవడమే ఆ యాత్ర ఉద్దేశం. 1939లో జనరల్ పదవి ఈ కొడుక్కి దక్కలేదు. పార్లమెంటు గీజాన్‌ను ఎన్నుకుంది.

ఇతనికే మరో ముఖం ఉంది. పిల్లల సంక్షేమంకోసం 1912లో వెలసిన ప్రో యువెన్‌టూటే సంస్థకు ఇతడు దశాబ్దాలపాటు పెద్దగా ఉన్నాడు. ఆ సంస్థ 1926 నుంచి 1973 వరకు, సంచారజాతి అయిన యేనిష్ ప్రజల పిల్లలను దాదాపు 600 మందిని తల్లిదండ్రులనుంచి వేరుచేసి అనాథాశ్రమాలకూ పరాయి ఇళ్ళకూ పంపింది. దేశదిమ్మరితనం అనే జాడ్యాన్ని మాన్పుతున్నామని చెప్పుకుంది. ఆ పిల్లల్లో ఒకరైన మరియెల్లా మేర్ పెరిగి పెద్దదై, 1981లో తన నవలద్వారా ఆ గాయాన్ని లోకానికి చూపింది. 2025లో స్విస్ ప్రభుత్వం ఆ చర్యలను మానవాళిపై నేరంగా అంగీకరించింది. జనరల్ ఇంటి వంశవృక్షంలో ఈ పిల్లల పేర్లు ఉండవు. అయినా వారు ఆ చరిత్రలో భాగమే.

జనరల్ కూతురు రెనె సిల్కు మిల్లుల యజమాని ఆల్‌ఫ్రెడ్ ష్వార్జెన్‌బాఖ్‌ను పెళ్ళాడింది. ప్రపంచంలోని పెద్ద సిల్కు కంపెనీల్లో ఆ కుటుంబానిది ఒకటి. ఆ దంపతులకు 1908లో పుట్టిన బిడ్డ అన్నెమరీ. చరిత్రలో డాక్టరేటు తీసుకుంది, నవలలు రాసింది. థామస్ మన్ సంతానమైన ఎరికా, క్లాస్‌లకు ఆప్తమిత్రురాలు. నాజీలు అధికారానికి రాగానే క్లాస్ మన్ ప్రవాసంనుంచి నడిపిన పత్రికకు డబ్బిచ్చింది. 1934లో అతనితో కలిసి మాస్కోలో సోవియట్ రచయితల మహాసభకు వెళ్ళింది. ఫాసిజానికి ఎదురుగా రచయితలు కూడుకుంటున్న రోజులవి. లక్నోలో 1936లోనూ, తెనాలిలో 1943లోనూ మన రచయితలను ఒకచోటికి చేర్చిందీ ఆ గాలే.

అదే 1934లో ఎరికా మన్ నాజీ వ్యతిరేక నాటక బృందంపై జూరిక్‌లో ఫాసిస్టు యువకులు దాడికి దిగారు. వాళ్ళలో అన్నెమరీ తండ్రి తరఫు బంధువు జేమ్స్ ష్వార్జెన్‌బాఖ్ ఒకడు. ఇతడే తర్వాత రాజకీయ నాయకుడై, ఇటాలియన్ తదితర వలస కార్మికుల సంఖ్యకు గట్టి పరిమితి పెట్టాలని 1970లో ప్రజాభిప్రాయ సేకరణ తెచ్చాడు. మగవాళ్ళు మాత్రమే ఓటు వేసిన ఆ సేకరణలో 54 శాతం మంది కాదన్నారు గనుక అది వీగిపోయింది.

అన్నెమరీని దేవతను చెయ్యనక్కరలేదు. ఆమె ప్రయాణాల వెనక ఉన్నది సిల్కు డబ్బే. మార్ఫీన్ ఆమెను పీల్చేసింది. స్త్రీలను ప్రేమించిన స్త్రీగా ఆ సమాజంలో నలిగిపోయింది. ఇంటిని ద్వేషించలేకా ఇంట్లో ఉండలేకా ఊగిసలాడింది. అయినా 1936-38 మధ్య అమెరికా ఉక్కు పట్టణాలకూ, పత్తి పండే దక్షిణాదికీ వెళ్ళి, కార్మికుల, నల్లవారి బతుకులను కెమెరాతోనూ కలంతోనూ నమోదు చేసింది. మిల్లు యజమాని కూతురు మిల్లు కార్మికుల గుమ్మంముందు నిలబడడం చిన్న విషయం కాదు. 1939లో ఎల్లా మయ్యార్‌తో కలిసి జెనీవానుంచి కాబూలు దాకా కారులో ప్రయాణించింది. అక్కడినుంచి మయ్యార్ మన దేశానికి వచ్చి, యుద్ధకాలమంతా తిరువణ్ణామలైలో రమణుల సన్నిధిలో గడిపింది. చలం అదే ఊరు చేరింది 1950లో. అన్నెమరీ వెనక్కి మళ్ళింది. 1942లో సైకిలుమీదనుంచి పడి, 34 ఏళ్ళకే చనిపోయింది.

ఆమె పోయాక తల్లి రెనె ఆమె ఉత్తరాలనూ డైరీలనూ నాశనం చేసింది. తాతగారి ఉత్తరాలు మాత్రం భద్రంగా మిగిలాయి. జనరల్ తన భార్యకు రాసిన ఉత్తరాలను మైలెన్ మ్యూజియంలో గాజుపెట్టెలో ప్రదర్శనకు పెడితే, నిక్లాస్ మైయెన్‌బర్గ్ అనే పత్రికా రచయిత వాటిని ఫొటోలు తీసి చదివాడు. 1987లో ఆ వంశంపై పుస్తకం వెలువరించాడు. దాని పేరులోనే శ్లేష ఉంది. జర్మన్‌లో ‘విల్లె’ అంటే సంకల్పం. షోపెన్‌హవర్ సుప్రసిద్ధ గ్రంథం పేరులో ఒక్క మాట మార్చి, ఆ సంకల్పం పక్కన ఉన్మాదాన్ని చేర్చాడు. వంశగౌరవంకోసం దాచిన కాగితాలే సాక్ష్యాలయ్యాయి.

అన్నెమరీ రచనలు స్నేహితుల దగ్గర మిగిలాయి. 1980ల చివర మళ్ళీ అచ్చుకెక్కాయి. ఆమె రాతప్రతులు ఈనాడు బెర్న్‌లోని జాతీయ సాహిత్య భాండాగారంలో ఉన్నాయి. కాని ఆమె తన డైరీలో తల్లిని గురించి, తాతను గురించి, సిల్కు మిల్లును గురించి ఏం రాసుకుందో మనం ఎన్నటికీ చదవలేం. ఆ నష్టం పూడేది కాదు.

మన ఊళ్ళలోనూ పెద్ద ఇళ్ళున్నాయి, వాటి చరిత్రలు రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. పరిశోధనకు పూనుకున్న విద్యార్థి ఆ ఇంటి హాల్లో వేలాడే పటాలు చూసి, ఆ ఇంటివాళ్ళు తెచ్చి ఇచ్చిన కాగితాలు మాత్రమే చదివి తిరిగి వస్తే, అతడు రాసేది మరో అవతారిక అవుతుంది. ఆ ఇంటి కూతుళ్ళు ఏం రాశారనీ, ఆ కాగితాలు ఏమయ్యాయనీ కూడా అడిగి రావాలి.