బరువు మోసే పికప్‌కు టైరు ఎంపిక ఎలా?

మదనపల్లె: టమాటా పెట్టెలతో మదనపల్లె మార్కెట్‌ యార్డు నుంచి బయలుదేరిన పికప్‌ వాహనం చెన్నై చేరాలంటే మొగిలి ఘాట్‌ దిగాలి. తిరుపతి చేరాలంటే భాకరాపేట ఘాట్‌ దాటాలి. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం నుంచి మైదానానికి దిగే ఈ దారుల్లో బండి బరువుకు, వేగానికి కళ్లెం వేసేవి బ్రేకులు, టైర్లే. పికప్‌ యజమానుల్లో పలువురు వాయిదాలపై బండి కొని తామే నడుపుకొనేవారు. కంపెనీ అమర్చిన తొలి టైర్లు అరిగిపోయాక రెండో జత ఎంపికలో వారిని ముందుగా ఆకర్షించేది ధర. ఆ తరువాత పేరు, గాడుల తీరు. నిజానికి ఈ మూడింటికంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఆ టైరు మీద ఎన్ని కిలోల బరువు పడుతుందన్నదే అది.

కాటా చీటీతో మొదలు

టైర్ల దుకాణానికి వెళ్లేముందు కాటాకు వెళ్లడం మేలు. మామూలుగా వేసే సరుకుతోనే బండిని తూకం వేయించాలి. మొత్తం బరువుతో పాటు వెనుక చక్రాలను మాత్రమే కాటాపై నిలిపి ఆ తూకం కూడా రాయించుకోవాలి. పికప్‌లో సరుకు తొట్టి వెనుక ఇరుసు మీదుగా ఉంటుంది కనుక బరువులో అధిక భాగం వెనుక రెండు టైర్లే మోస్తాయి. మొత్తం బరువును నాలుగుతో భాగించి సరిపెట్టుకుంటే లెక్క తప్పుతుంది.

ఉదాహరణకు సరుకుతో కలిపి 3,000 కిలోలకు అనుమతి ఉన్న వాహనాన్ని తీసుకుందాం. ఖాళీ బండి 1,700 కిలోలైతే సరుకుకు మిగిలేది 1,300 కిలోలు. పెట్టె 25 కిలోల చొప్పున 52 టమాటా పెట్టెలు. అప్పుడు వెనుక ఇరుసుపై 2,000 కిలోలు పడుతున్నాయనుకుంటే ఒక్కో వెనుక టైరు వాటా వెయ్యి కిలోలు. అదే బండికి 90 పెట్టెలు ఎక్కిస్తే అదనపు బరువు 950 కిలోలు. అందులో 800 కిలోలు వెనుకకు చేరినా ఒక్కో టైరు 1,400 కిలోలు మోయాలి. ఆ తరగతి బండికి సరిపడే టైర్లేవీ సాధారణంగా అంత బరువుకు తయారైనవి కావు. కమాను పట్టీలు అదనంగా వేయించి, గట్టి టైర్లు బిగిస్తే సరిపోతుందన్న నమ్మకం రవాణా రంగంలో బలంగా ఉంది. పట్టీలు పెంచితే బండి కుంగకపోవచ్చునేమో గాని ఇరుసు, బ్రేకులు, డిస్కుల శక్తి పెరగదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు రూ.20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానా నిర్దేశించింది. అదనపు సరుకును దించేవరకు బండి కదలనివ్వరు.

టైరు మీది రాతలో ఏముంది?

టైరు పక్కభాగంలో ఉండే అంకెలు చాలామంది కొలత కోసమే చూస్తారు. 215/75 ఆర్‌ 15 అని ఉంటే 215 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్‌ అంటే రేడియల్‌. 15 అంటే డిస్కు వ్యాసం, అంగుళాల్లో. ఈ వరుస పక్కనే 112/110 ఎల్‌ వంటి మరో గుర్తు ఉంటుంది. సరుకు బండి యజమానికి అసలు కావలసినది అదే.

ఇందులో 112 అన్నది బరువు సూచిక. దాని అర్థం 1,120 కిలోలు. ఇరుసుకు ఒక పక్కన ఒకే టైరు ఉంటే ఈ అంకె వర్తిస్తుంది. పక్కపక్కనే రెండు టైర్లు బిగించే బండ్లకు రెండో అంకె, అంటే 110 చూడాలి. అది 1,060 కిలోలకు గుర్తు. సూచిక 108 అయితే వెయ్యి కిలోలు, 100 అయితే 800 కిలోలు, 97 అయితే 730 కిలోలు. పై ఉదాహరణలోని బండికి 108 సూచిక బొటాబొటిగా సరిపోతుంది. 112 తీసుకుంటే ఒక్కో టైరుకు 120 కిలోల వెసులుబాటు ఉంటుంది. గుంతల్లో పడినప్పుడు, మలుపులో బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ వెసులుబాటే ఆదుకుంటుంది. దాన్ని మరో పది పెట్టెలకు అనుమతిగా భావించరాదు.

చివరి అక్షరం వేగానికి సంబంధించినది. ఎల్‌ అంటే గంటకు 120 కిలోమీటర్లు, ఎన్‌ అంటే 140, ఎస్‌ అంటే 180. నాలుగు వరుసల రహదారిపై సరుకు వాహనాలకు 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లు. అందువల్ల వేగం గుర్తు కోసం ఎక్కువ ధర పెట్టడం దండగ. ఆ సొమ్ము బరువు సూచిక పెంచుకోవడానికి వెచ్చిస్తే ప్రయోజనం.

6 పీఆర్‌, 8 పీఆర్‌, 10 పీఆర్‌ అన్న గుర్తులపై ఒక అపోహ ఉంది. ఎనిమిది అంటే లోపల ఎనిమిది పొరలు ఉంటాయని అర్థం కాదు. నూలు దారంతో టైర్లు తయారైన కాలంలో పొరల సంఖ్యే బలానికి కొలమానం. ఆ పద్ధతి పోయినా అంకె మాత్రం బలాన్ని తెలిపే గుర్తుగా నిలిచిపోయింది. అమెరికాలో భారీ పికప్‌లు వెనుక ట్రైలర్లు తగిలించుకుని లాగుతాయి. అక్కడ ఇదే బలాన్ని సీ, డీ, ఈ అక్షరాలతో సూచిస్తారు. సీ మన 6 పీఆర్‌కు, డీ 8కి, ఈ 10కి సమానం.

కారు టైరు తగదు

కొలత సరిపోయింది కదా అని సరుకు బండికి కారు టైర్లు బిగించడం ప్రమాదకరం. ధర తక్కువ, ప్రయాణం మెత్తగా ఉంటుందన్నది నిజమే. అయితే కారు టైరు పక్కభాగం పలుచన. అది తక్కువ గాలితో, తక్కువ బరువు మోయడానికి తయారైనది. సరుకు బండి టైరుపై ఎల్‌టీ లేదా సీ అన్న అక్షరాలు ఉంటాయి. కారు టైరును తేలికపాటి సరుకు వాహనానికి వాడవలసి వస్తే దాని మోత శక్తిని 1.10తో భాగించి లెక్కించాలన్నది అమెరికాలో పాటించే నియమం. ఆ లెక్కన 800 కిలోల టైరు 727 కిలోలకు తగ్గిపోతుంది.

పెద్ద కొలత టైర్లపై మోజు కూడా ఇటువంటిదే. టైరు ఎత్తు పెరిగితే బండి ఠీవిగా కనబడుతుంది. కాని ఎక్కుడులో ఇంజిను లాగే శక్తి తగ్గుతుంది. ఘాట్‌ దిగేటప్పుడు గేరులో ఉంచినా ఇంజిను బండిని మునుపటంతగా పట్టి ఉంచలేదు. ఆ భారం బ్రేకులపై పడుతుంది. వేగం ముల్లు కూడా అసలుకంటే తక్కువ చూపుతుంది. కంపెనీ సూచించిన కొలతనే కొనసాగించడం క్షేమం.

నైలానా, రేడియలా?

నైలాన్‌ టైరు పక్కభాగం మందం. క్వారీ దారుల్లో, కంకర తేలిన పల్లె బాటల్లో రాళ్ల కోతకు అది ఓర్చుకుంటుంది. ధర కూడా తక్కువ. అయితే నడుస్తున్నకొద్దీ ఎక్కువ వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది, డీజిలు అధికంగా తాగిస్తుంది. రేడియల్‌లో గాడుల కింద ఉక్కు పట్టీ ఉంటుంది కనుక నేలను ఆనే భాగం నిలకడగా, చల్లగా ఉంటుంది. వారంలో అధిక భాగం చెన్నై, బెంగళూరు రహదారులపై తిరిగే బండికి రేడియలే లాభసాటి. తోటల్లోంచి మార్కెట్‌ వరకు మాత్రమే సరుకు చేరవేసే బండికి నైలాన్‌ను తీసిపారేయనక్కర లేదు. ఏది కొన్నా ఒకే ఇరుసుకు ఒక పక్క నైలాన్‌, మరో పక్క రేడియల్‌ బిగించరాదు. రెండూ మలుపులో వేర్వేరుగా వంగుతాయి.

గాడుల విషయానికి వస్తే ముందు చక్రాలకు నిలువు చారల టైర్లు స్టీరింగును చక్కగా పాటిస్తాయి. అడ్డ దిమ్మెల టైర్లు బురదలో పట్టునిస్తాయి, తారు రోడ్డుపై మాత్రం హోరుతో పాటు అరుగుదల ఎక్కువ. మామిడి కాలంలో తొలకరి తరువాత తోటల్లోకి వెళ్లవలసిన బండికి వెనుక మాత్రం రెండూ కలగలిసిన గాడులు చాలు.

కొత్త జత ఎటువైపు?

ఒకేసారి నాలుగు టైర్లు మార్చే స్తోమత అందరికీ ఉండదు. రెండే కొన్నప్పుడు వాటిని ముందు బిగించి, ముందున్న పాతవి వెనుకకు వేయడం పరిపాటి. ముందు టైరు పేలితే స్టీరింగు చేజారుతుందన్న భయం దీనికి కారణం. భయం నిరాధారం కాదు. కాని సరుకు దింపి ఖాళీగా తిరిగి వచ్చే పికప్‌ సంగతి ఆలోచించాలి. వెనుక బరువు ఉండదు. వాన పడిన రోడ్డుపై వెనుక టైర్ల గాడులు అరిగి ఉంటే బ్రేకు వేయగానే బండి వెనుక భాగం పక్కకు జారి అడ్డం తిరుగుతుంది. లోతైన గాడులున్న జత వెనుకే ఉండాలని టైర్ల కంపెనీలు సూచించడం ఇందుకే. ముందు చక్రాలకు ఉంచిన పాత జతలో చీలిక, ఉబ్బు ఉంటే మాత్రం ఈ తర్కం చెల్లదు. అప్పుడు నాలుగూ మార్చడం తప్ప దారి లేదు.

రీట్రేడింగ్‌ చేయించిన టైర్లను లారీలు వెనుక చక్రాలకు ధారాళంగా వాడతాయి. లారీకి పక్కన జత టైరు ఉంటుంది. ఒకటి విఫలమైనా రెండోది కొంత దూరం నిలబెడుతుంది. పికప్‌కు ఒక పక్కన ఒకటే టైరు. ఆ తేడా మరచి లారీ యజమానిని అనుకరించడం తగదు. ముందు చక్రాలకైతే రీట్రేడింగ్‌ టైరు ఆలోచనే వద్దు.

వేడి, గాలి

వేసవిలో టైరు పేలితే ఎండను నిందించడం సులభం. ఎండ కొంత కారణమే. కాని అధిక సందర్భాల్లో అసలు కారణం గాలి తక్కువ కావడం. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకు పక్కభాగం దగ్గర నలుగుతుంది. ఆ నలుగుడుతో లోపల వేడి పుట్టి, రబ్బరు, దారపు పొరలు విడిపోతాయి. పైన అధిక బరువు ఉంటే ఇది మరింత వేగంగా జరుగుతుంది. ఘాట్‌ దిగుతున్నప్పుడు బ్రేకు డ్రమ్ముల వేడి డిస్కు మీదుగా టైరు అంచుకు చేరి మరో భారమవుతుంది.

గాలి చూడవలసింది ఉదయం, బండి కదలకముందు. సుమారు ఐదున్నర డిగ్రీల వేడి పెరిగితే ఒక పౌండు చొప్పున గాలి పీడనం పెరుగుతుంది. మధ్యాహ్నం దారిలో కొలిచి, ఎక్కువైందని గాలి తీసేస్తే చల్లారిన తరువాత టైరు ఆకలితో మిగులుతుంది. ఖాళీ బండికి, నిండు బండికి కంపెనీ వేర్వేరు పీడనాలు సూచిస్తుంది. ముందుకు, వెనుకకు కూడా అంకెలు వేరు. అన్నింటికీ ఒకటే కొట్టించడం సరికాదు. టైరు మీద రాసిన గరిష్ఠ బరువు, దాని పక్కనే రాసిన పీడనం ఉన్నప్పుడే వర్తిస్తుందని గుర్తించాలి. అయితే ఎక్కువ పీఆర్‌ టైరు బిగించి ఎక్కువ గాలి నింపేముందు పాత డిస్కు ఆ పీడనానికి తగినదో కాదో కనుక్కోవాలి. నైట్రోజన్‌ నింపించడం వల్ల నష్టం లేదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్‌ ఉంది. అది నింపించామన్న ధీమాతో కొలవడం మానేస్తేనే నష్టం.

తీసేసే టైర్లు కూడా సమాచారం ఇస్తాయి. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, బరువు ఎక్కువ. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్‌ దోషం. ఆ దోషం సరిచేయకుండా కొత్త జత వేస్తే అవీ అదే దారి పడతాయి. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అరుగుదల ఆ దిమ్మెలను తాకిందంటే టైరు ఆయువు తీరినట్లే.

ట్రాక్టరు ట్రాలీల మాట

మామిడిని గుజ్జు పరిశ్రమలకు చేర్చే ట్రాక్టర్లకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత భాగం కొక్కెం మీదుగా ట్రాక్టరు వెనుక టైర్లపై పడుతుంది. సరుకు ముందుకు పేరిస్తే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. మరీ వెనుకకు పేరిస్తే కొక్కెం పైకి లేచి వెనుక చక్రాలు జారుతాయి. లారీల నుంచి తీసేసిన టైర్లు ట్రాలీకి బిగించే అలవాటు ఉంది. వేగం తక్కువ కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. నిండు ట్రాలీకి టైరు పోతే చీకట్లో, వెనుక దీపాలు లేకుండా రోడ్డు మీదే నిలిచిపోవలసి వస్తుంది.

కొనేటప్పుడు

టైరు మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. దుకాణంలో ఏళ్ల తరబడి ఉన్న సరుకు తగ్గింపు ధరకు ఇస్తామంటే ముందుగా ఈ గడి చూడాలి. గాడులు కొత్తగా ఉన్నా రబ్బరు ముదురుతుంది. నగరాల నుంచి వచ్చే వాడిన టైర్లలో కొన్నింటికి గాడులు తిరిగి కోసి నలుపు పూస్తారు. పక్కభాగంలో వెంట్రుకల వంటి పగుళ్లు కనబడితే వాటి జోలికి పోరాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టరు టైర్లపై 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే పన్ను మిగులుతుందన్న లెక్కకు ఇప్పుడు మునుపటంత విలువ లేదు. బిల్లు లేనిదే తయారీ లోపాలకు వారంటీ దక్కదు. అధిక బరువు వల్ల, గాలి తక్కువై నడపడం వల్ల పాడైన టైరుకు వారంటీ ఎలాగూ వర్తించదు.

కొత్త టైరుతో పాటు వాల్వు కూడా కొత్తది వేయించాలి. బిగించిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లను మరోసారి బిగించి చూడాలి. తీసిన నాలుగింటిలో మెరుగైనదాన్ని స్టెప్నీగా ఉంచుకోవడం మామూలే. దానికీ అదే బరువు సూచిక ఉందో లేదో, తయారీ తేదీ ఏమిటో, గాలి ఎంత ఉందో చూసుకున్నాకే బండి కింద వేలాడదీయాలి.