‘పడమటి సంధ్యారాగం’, మన తొండియార్‌పేట

అమెరికాలో తెలుగు కుటుంబాల సినిమా అనగానే మన వయసువాళ్ళకు ముందు గుర్తొచ్చేది జంధ్యాల గారి ‘పడమటి సంధ్యారాగం’. 1987లో వచ్చింది. దాదాపు సినిమా అంతా అమెరికాలోనే తీశారు. ఛాందసపు తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి గారు, కూతురిగా విజయశాంతి, ఆమె ప్రేమించిన అమెరికా కుర్రాడిగా థామస్ జేన్. ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు, తర్వాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నాడు. సంగీతం మన బాలు గారిది. డ్రమ్స్ వాయించే శివమణి వేషం కూడా వేశాడు.

ఆ తండ్రి భయం ఊరికే పుట్టింది కాదు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడికి వెళ్ళారు. సినిమా వచ్చేనాటికి వాళ్ళ పిల్లలు కాలేజీ గడప తొక్కుతున్నారు. 2019లో వచ్చిన ‘ఏబీసీడీ’లో అక్కడ పెరిగిన కొడుకును తండ్రే ఇక్కడికి పంపిస్తాడు. అది మలయాళం నుంచి తెచ్చిన కథ. కాసేపు నవ్వుకోవచ్చు గానీ, జంధ్యాల గారి సినిమాలో ఉన్న బరువు మాకు అందులో కనబడలేదు.

ఇదంతా అమెరికావాళ్ళ గొడవ, మనకెందుకు అంటారా? విమానం ఎక్కకుండానే మన ఇళ్ళలో అదే కథ నడుస్తోంది. అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్లవాడు తమిళంలో జవాబిస్తాడు. అక్కడైతే ఇంగ్లీషు, అంతే తేడా.

ఇంకో తేడా కూడా ఉంది. వాళ్ళు వెళ్ళారు, మనం ఎక్కడికీ వెళ్ళలేదు. కంపెనీ బట్టల వ్యాపారం పెరిగిన రోజుల్లో నేతపనివాళ్ళు, బట్టలు చలువ చేసేవాళ్ళు ఈ ఉత్తరపు పేటల్లో స్థిరపడ్డారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు ఇటే ఉండిపోయింది. ఉన్నచోటే ఉండి పొరుగువాళ్ళమయ్యాం. ఆ మాటకొస్తే మన పేట పేరే ఒక వలస మనిషిది అంటారు. రామనాథపురం వైపు తొండి నుంచి వచ్చిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహిబును జనం ‘తొండియార్’ అని పిలిచేవారట.

భాష జారిపోయింది మాత్రం బడిలో. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీలు కోర్టుకెక్కి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఒక్క ఏడాదికే. తమిళం నేర్వద్దని ఎవరూ అనలేదు, మన పిల్లలకు అది అన్నం పెట్టే భాష. దాని పక్కన తెలుగుకు ఓ పీట వేయమన్నదే మన మొర.

విచిత్రం ఏమిటంటే, 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి పుణ్యమా అని అక్కడ పుట్టిన పిల్లలు వారాంతాల్లో అ ఆలు దిద్దుతున్నారు. ఇక్కడ మన ఉగాది వేదిక మీద పిల్లలు వేమన పద్యాన్ని తమిళ అక్షరాల్లో రాసుకొచ్చి చదువుతున్నారు. మనం చప్పట్లు కొడుతున్నాం.

ఆదివారం తెలుగు తరగతి మాట మూడు సమావేశాలుగా వాయిదా పడుతోంది. బోర్డు ఉంది, నేర్పడానికి రిటైరైన పంతుళ్ళు సిద్ధంగా ఉన్నారు. కావలసింది పిల్లల పేర్లు. ఈ పోస్టు కింద రాయండి, వీలైతే తెలుగులో.