మనస్తత్వ శాస్త్రం - ఉన్నత విద్య, వృత్తులు

మనస్తత్వ శాస్త్రంలో డిగ్రీ పొందినవారి వృత్తి, తరువాత తీసుకొనే శిక్షణను బట్టి నిర్ణయమవుతుంది. విశాఖపట్నం ప్రాంతంలో ఈ శాస్త్ర బోధనకు పాత కేంద్రం ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఇక్కడ 1967లో కోనేరు రామకృష్ణారావు పరామనస్తత్వ శాస్త్ర శాఖను స్థాపించాడు. తత్త్వశాస్త్ర విద్యార్థిగా మొదలైన ఆయన అమెరికాలో జె.బి.రైన్ వద్ద పరిశోధన చేసి, 1984లో ఇదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యాడు. చికిత్సా రంగం కోరే నేటి విద్యార్థికి అన్ని మలుపులు తిరిగే వీలు లేదు.

చికిత్సా రంగం

ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. పట్టాతోనే క్లినికల్ సైకాలజిస్టు కావచ్చుననుకోవడం పొరపాటు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఇందుకు ప్రత్యేక అర్హతను నిర్దేశించింది. చాలాకాలం ఆ అర్హత ఆసుపత్రి శిక్షణతో కూడిన రెండేళ్ళ ఎం.ఫిల్. యు.జి.సి. 2022లో ఎం.ఫిల్.ను రద్దు చేసినా, ఈ విభాగానికి 2025-26 ప్రవేశాల వరకు గడువునిచ్చింది. అందువల్ల కోర్సు పేరు కన్నా, దానికి భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్నదీ లేనిదీ చేరేముందే చూసుకోవడం ముఖ్యం. గుర్తింపు లేని కోర్సులో గడిపిన ఏళ్ళు తిరిగి రావు. మండలిలో నమోదు కాకుండా ఈ వృత్తి చేయడం 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలుశిక్షకు దారితీయవచ్చు.

పారిశ్రామిక రంగం

అచ్యుతాపురం (2022 నుండి అనకాపల్లి జిల్లా) ప్రత్యేక ఆర్థిక మండలిలో వస్త్ర, ఔషధ పరిశ్రమలున్నాయి. 2024 ఆగస్టు 21న ఇక్కడి ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. షిఫ్టు పనివారి అలసట, ఏకాగ్రత, ప్రమాద నివారణ పారిశ్రామిక మనస్తత్వ శాస్త్ర పరిధిలోనివే. అయితే ఉద్యోగ ప్రకటనలలో ఈ శాస్త్రం పేరు అరుదు. మానవ వనరుల విభాగంలో ఎం.బి.ఏ. వారితో పోటీపడవలసి ఉంటుంది.